గణిత ఆచార్యుల పరిశోధనను, వారి జీవితాన్ని ఒకే వ్యాసంలో ఎలా పరిచయం చేయాలి?

ప్రశ్న: సుద్దముక్క

అందరికీ నమస్కారం. నా పరిశోధనకు మార్గదర్శకులైన గణిత ఆచార్యులు ఈ ఏడాది పదవీ విరమణ చేయబోతున్నారు. ఆ సందర్భంగా పూర్వ విద్యార్థులమందరం కలిసి ఒక అభినందన సంచిక తీసుకువస్తున్నాము. లోపలి వ్యాసాలన్నీ గణితమే కనుక అవి ఆ రంగంలోని వారికి తప్ప ఇతరులకు అందవు. మొదట వచ్చే పరిచయ వ్యాసాన్ని మాత్రం మేడమ్ గారి కుటుంబ సభ్యులు, మిత్రులు, ఇతర శాఖల సహోద్యోగులు కూడా చదివి అర్థం చేసుకోగలగాలని అందరూ కోరారు. ఆ బాధ్యత నాకు అప్పగించారు.

మేడమ్ గారి రంగం సంఖ్యా సిద్ధాంతం, అందులోనూ డయోఫాంటైన్ సమీకరణాలు, అంటే పూర్ణాంకాలలో సాధనలు వెతికే సమీకరణాలు. బయటి జీవితంలో ఆవిడకు రెండు ఇష్టాలు. ముప్పై ఏళ్లుగా తెల్లవారుజామున పక్షులను చూడడానికి వెళ్తున్నారు, ఇంట్లో రోజూ ఒక గంట వయొలిన్ వాయిస్తారు. వేదిక మీద ఎన్నడూ వాయించలేదు, వాయించమని అడిగితే ఒప్పుకోలేదు కూడా. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఒక పొడవాటి నోటుపుస్తకం ఉంటుంది. ముందు వైపు నుంచి తెరిస్తే ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ పక్షి కనిపించిందో వరుసగా రాసి ఉంటుంది. తిరగేసి వెనుక వైపు నుంచి తెరిస్తే లెక్కలు ఉంటాయి. రెండూ నడిమధ్యకు వచ్చి కలుసుకున్న రోజున ఆ పుస్తకం పూర్తయినట్టు.

చిత్తుప్రతిలో నేను ఇలా రాశాను: "సంఖ్యల్లో దాగిన క్రమాన్ని వెతికే ఆ కళ్లే పక్షుల రెక్కల్లోనూ అదే క్రమాన్ని వెతుకుతాయి." రాసిన రోజు బాగానే అనిపించింది. మర్నాడు చదివితే అది నిజం కాదనిపించింది. ఆవిడ అలాంటి మాట ఎన్నడూ అనలేదు.

నాకు మూడు సందేహాలున్నాయి. ఆవిడ రంగాన్ని గణితం చదవని వారికి నిజాయతీగా ఎలా వివరించాలి? పరిశోధనకు, బయటి ఇష్టాలకు మధ్య సంబంధం చూపించి తీరాలా? మూడవది కొంచెం సున్నితమైన విషయం. తల్లిగారు మంచాన పడిన కాలంలో, సుమారు ఎనిమిదేళ్లపాటు, మేడమ్ గారు చాలా తక్కువ పత్రాలు ప్రచురించారు. ఆ సంగతి రాయవచ్చా, వదిలేయాలా?

జవాబు: శేషం సున్నా

మీ మొదటి సందేహానికి జవాబు చెప్పగలను. నేను గణితం బోధిస్తాను, ఈ రంగాన్ని ఇతరులకు వివరించబోయి చాలాసార్లు విఫలమై నేర్చుకున్నది ఒక్కటే: రంగానికి నిర్వచనం ఇవ్వకండి, అందులోని ఒక ప్రశ్నను పాఠకుడి చేతిలో పెట్టండి. "పూర్ణాంక సాధనలను అధ్యయనం చేసే శాఖ" అని రాస్తే చదివేవారు గౌరవంగా తల ఊపి తరువాతి పేరాకు వెళ్లిపోతారు. అదే 1, 3, 8, 120 అనే నాలుగు సంఖ్యలు ఇచ్చి, వీటిలో ఏ రెండింటినైనా గుణించి ఒకటి కలపమని అడిగితే, మీ ఆచార్యుల వారి ఇంట్లో పదేళ్ల పిల్ల కూడా పెన్సిలు తీస్తుంది. 1, 3ల లబ్ధానికి ఒకటి కలిపితే 4, అది 2 వర్గం. 3, 8ల నుంచి 25 వస్తుంది. 8, 120ల లబ్ధం 960, ఒకటి కలిపితే 961, అంటే 31 వర్గం. ఆరు జతలూ ఇలాగే వర్గాలుగా తేలతాయి.

అక్కడితో ఆగకుండా అసలు ప్రశ్న అడగండి. మొదటి మూడు సంఖ్యలను, అంటే 1, 3, 8ని, అలాగే ఉంచి 120 స్థానంలో మరో ధన పూర్ణాంకాన్ని పెట్టగలమా? ఎంత పెద్ద సంఖ్యయినా సరే. కంప్యూటరుతో లక్ష వరకు వెతికాము, కోటి వరకు వెతికాము, దొరకలేదు అంటే అది జవాబు కాదు, ఎందుకంటే కోటి తరువాత కూడా సంఖ్యలున్నాయి. 1969లో ఆలన్ బేకర్, హెరాల్డ్ డేవెన్‌పోర్ట్ కలిసి 120 తప్ప మరొకటి లేదని నిరూపించారు. వారు నడిచిన దారి ఏమిటంటే, మరో సంఖ్య ఉంటే అది ఫలానా హద్దును దాటి ఉండదని ముందు చూపించారు. ఆ హద్దు ఊహకందనంత పెద్దది, దాని కిందనున్న సంఖ్యలన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించడం ఎవరి తరమూ కాదు. అందుకని ఆ హద్దును కిందికి దించే ఉపాయం కనిపెట్టి, మిగిలిన కొద్దిపాటి అవకాశాలను లెక్కతో తోసిపుచ్చారు.

ఇక్కడ ఇంకొక ముచ్చట కూడా రాయవచ్చు. ఒక వర్గం మరో వర్గానికి రెండింతల కంటే సరిగ్గా ఒకటి ఎక్కువగా ఉండే జతలు కావాలనుకోండి. 3, 2 అలాంటి జత (9, 8కి ఒకటి ఎక్కువ). 17, 12 ఇంకొకటి, 99, 70 మరొకటి. ఇవి అనంతంగా వస్తూనే ఉంటాయి. ఒక జత నుంచి మరో జతను పుట్టించే సూత్రాన్ని ఏడవ శతాబ్దంలోనే బ్రహ్మగుప్తుడు ఇచ్చాడు. ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేసి, వర్గం అన్నచోట ఘనం అని పెట్టండి. ఆ క్షణంలో అనంతం కాస్తా ఎగిరిపోయి రెండే జతలు మిగులుతాయి: 1, 0 ఒకటి, రెండూ మైనస్ 1 అయినది మరొకటి. ఇటువంటి సమీకరణాలకు ఘాతం మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే సాధనలు పరిమితమేనని 1909లో ఆక్సెల్ తూ నిరూపించాడు. అయితే ఆ నిరూపణ సాధనలు ఎక్కడో ఒకచోట ఆగిపోతాయని చెబుతుంది తప్ప, ఎంత దూరం వెతికితే చాలో చెప్పదు. ఆ దూరాన్ని లెక్కగట్టే మార్గం 1960లలో బేకర్ చేతుల్లో దొరికింది, 1970లో ఆయనకు గణితంలో అత్యున్నత పురస్కారాలలో ఒకటైన ఫీల్డ్స్ పతకం ఇవ్వడానికి కారణమూ అదే.

మీ ఆచార్యుల వారి పని ఈ "ఎంత దూరం" అన్న ప్రశ్నకు దగ్గరగా ఉంటే, పరిచయ వ్యాసంలో గణితం ఇంతకు మించి అక్కర్లేదు. ఆవిడ ఏ హద్దును ఎక్కడి నుంచి ఎక్కడికి దించారో ఒక్క వాక్యంలో రాయండి, సాధారణ పాఠకుడు కూడా ఆ వాక్యం బరువును గ్రహిస్తాడు. పత్రాల సంఖ్య, పొందిన పురస్కారాలు చివర ఒక పట్టికలో వేస్తే సరిపోతుంది.

జవాబు: నాలుగు మాత్రలు

రెండవ సందేహానికి నా సమాధానం: సంబంధం నిజంగా ఉంటే రాయండి, లేకపోతే కల్పించకండి. ఉందో లేదో తేల్చుకోవడానికి నేనొక కొలత పెట్టుకున్నాను. సంబంధం ఉందన్నప్పుడు దానిని లెక్కగా చూపించగలగాలి.

ఛందస్సునే ఉదాహరణగా తీసుకుంటాను. కంద పద్యం రాసేవారికి గగ, భ, జ, స, నల అనే ఐదు గణాలు నోటికి వచ్చే ఉంటాయి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను లఘు గురువులతో ఎన్ని విధాలుగా నింపవచ్చో కాగితం మీద రాసి చూస్తే సరిగ్గా ఆ ఐదే వస్తాయి, ఆరవది రాదు. మూడు మాత్రలకు మూడు విధాలు, ఐదు మాత్రలకు ఎనిమిది. చివరి అక్షరం లఘువైతే దానికి ముందు ఒక మాత్ర తక్కువైన అమరిక ఉంటుంది, గురువైతే రెండు మాత్రలు తక్కువైన అమరిక ఉంటుంది, కాబట్టి ప్రతి సంఖ్యా తనకు ముందున్న రెండింటి మొత్తం. ఫిబొనాచి పేరుతో మనం చదువుకున్న ఈ వరుసను, ఆయన 1202లో రాయకముందే, పన్నెండవ శతాబ్దంలో జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు సందర్భంలో చెప్పాడు. 2014లో ఫీల్డ్స్ పతకం అందుకున్న మంజుల్ భార్గవ తబలా వాయిస్తారు, తన ఉపన్యాసాలలో ఈ లెక్కను ఇష్టంగా చెబుతుంటారు. లయకూ సంఖ్యకూ సంబంధం ఉందని ఆయన అన్నప్పుడు దాని వెనుక ఈ లెక్క ఉంది.

పెర్సీ డయకోనిస్ సంగతి కూడా అటువంటిదే. పద్నాలుగేళ్ల వయసులో ఇల్లు వదిలి ఒక ఇంద్రజాలికుని వెంట వెళ్లిపోయిన ఆ మనిషి, తరువాత సంభావ్యతా సిద్ధాంతంలో ఆచార్యుడయ్యాడు. పేకకట్టను రెండు సగాలు చేసి ఒకదానిలో ఒకటి దూర్చి కలిపే పద్ధతిలో, 52 ముక్కలు బాగా కలవాలంటే సుమారు ఏడు సార్లు కలపాలని 1992లో డేవ్ బేయర్‌తో కలిసి నిరూపించాడు. రోనాల్డ్ గ్రాహం బంతులు ఎగరేసి పట్టుకునే జగ్లింగ్‌లో ఆరితేరినవాడు, 1972లో అంతర్జాతీయ జగ్లర్ల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. సహచరులతో కలిసి జగ్లింగ్ వరుసలను లెక్కించే సిద్ధాంతాన్ని 1994లో ప్రచురించాడు. గణితం బోధించిన డి.డి. కోశాంబి పాత నాణేలను పెద్ద సంఖ్యలో తూచి, చేతులు మారేకొద్దీ నాణెం అరిగి సగటు బరువు తగ్గుతుందని, నాణేల బరువుల మధ్య తేడాలు పెరుగుతాయని చూపించి, దాని ఆధారంగా వాటి కాలక్రమాన్ని అంచనా కట్టారు. వీరి విషయంలో ఆ రెండు ఇష్టాలను విడదీసి రాయడమే పొరపాటు అవుతుంది.

ఇక హరాల్డ్ బోర్‌ను చూడండి. 1908 ఒలింపిక్ క్రీడల్లో రజత పతకం గెలిచిన డెన్మార్క్ ఫుట్‌బాల్ జట్టులో ఆయన ఆడాడు. గణితంలో "దాదాపు ఆవర్తన ప్రమేయాలు" అనే భావన ఆయనది. బంతికి, ఆ ప్రమేయాలకు ఏ సంబంధమూ లేదు. లేనందువల్ల ఆయన ఆటకు గానీ, గణితానికి గానీ వచ్చిన లోటేమిటి? 1894 నుంచి 1921 వరకు చదరంగంలో ప్రపంచ విజేతగా నిలిచిన ఇమాన్యుయేల్ లాస్కర్ 1905లో బీజగణితంలో ప్రచురించిన ఫలితాన్ని ఎమ్మీ నోథర్ 1921లో మరింత విస్తృతం చేసింది. అది ఇప్పటికీ వారిద్దరి పేరుతోనే పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ ఫలితంలో చదరంగం కోసం వెతికితే దొరకదు.

మీ ఆచార్యుల వారి పక్షులు బోర్ గారి బంతి వంటివని నాకు అనిపిస్తోంది. వాటిని గణితానికి ఉపమానంగా మార్చారంటే ఆవిడ ముప్పై ఏళ్లుగా చూసినవి పక్షులు కావన్నట్టే అవుతుంది. ఆవిడ పక్షులను చూడడానికే వెళ్లారు. మీరు వర్ణించిన నోటుపుస్తకం ఉండగా ఆ రెక్కల వాక్యం ఎందుకు? ఆ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు రాయండి. వీలైతే ఒక పేజీ ఫొటో వేయండి.

జవాబు: పొద్దుటి నడక

పై సమాధానంలో చాలా భాగాన్ని అంగీకరిస్తూనే, ఒక విషయంలో విభేదిస్తున్నాను. లెక్కగా చూపించలేని సంబంధం లేనట్టే అనడం మరీ కఠినం. వ్యాపకం గణితానికి విషయాన్ని అందించకపోయినా, మనసుకు ఖాళీని ఇవ్వగలదు, ఆ ఖాళీలో జరిగేది చిన్నదేమీ కాదు.

ఐర్లండ్ గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్ కథ చాలామందికి తెలుసు. మూడేసి సంఖ్యల సమూహాలను గుణించే పద్ధతి కోసం ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడుతుండేవాడు. ఉదయం ఫలహారానికి దిగి వచ్చినప్పుడు పిల్లలు "నాన్నా, త్రయాలను గుణించగలిగావా?" అని అడిగేవారు, ఆయన తల అడ్డంగా ఊపి "లేదు, కూడిక తీసివేతలు మాత్రమే చేయగలను" అనేవాడు. 1843 అక్టోబరు 16న భార్యతో కలిసి డబ్లిన్‌లోని కాలువ గట్టున నడుస్తుండగా, మూడు కాదు నాలుగు కావాలని ఒక్కసారిగా తట్టింది, ఆ సూత్రాన్ని అక్కడి వంతెన రాతి మీద జేబులోని కత్తితో చెక్కాడు. ఫ్రెంచ్ గణితవేత్త హెన్రీ పొయంకరే కూడా ఒక విహారయాత్రలో బండి మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో తనకొక ముఖ్యమైన ఆలోచన స్ఫురించిందని 1908లో చేసిన ప్రసంగంలో చెప్పాడు. అదే ప్రసంగంలో ఆయన ఇంకొక మాట కూడా చెప్పాడు, దానిని ఉదహరించేవారు తక్కువ. అలాంటి స్ఫురణకు ముందు రోజుల తరబడి బల్ల ముందు కూర్చుని చేసిన పని ఉండాలి, తరువాత మళ్లీ కూర్చుని సరిచూసుకునే పనీ ఉండాలి. నడిచినంత మాత్రాన ఏదీ తట్టదు.

ఇంగ్లండ్ గణితవేత్త జి.హెచ్. హార్డీ ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు మాత్రమే సొంత గణితం చేసేవాడని, సృజనాత్మకమైన పనికి రోజుకు నాలుగు గంటలే హద్దు అని అనేవాడని ఆయన మిత్రుడు సి.పి. స్నో రాశారు. మధ్యాహ్నాలు క్రికెట్‌కు పోయేవి. నేను పరిశోధనలో ఉన్న రోజుల్లో ఈ సంగతి తెలిసి ఉంటే, రోజుకు పన్నెండు గంటలు పుస్తకాల ముందు కూర్చుని, అందులో ఎనిమిది గంటలు ఒకే పేజీని చూస్తూ గడపడం మానేసి ఉండేదాన్ని.

కాబట్టి మీ చిత్తుప్రతిలోని వాక్యాన్ని కొట్టివేయండి, కానీ ఆ స్థానంలో ఒక ప్రశ్న వేసి ఆచార్యుల వారినే అడగండి. తెల్లవారుజామున చెట్ల కింద నిలబడినప్పుడు ఆవిడకు లెక్కలు గుర్తుకు వస్తాయా, రావా? జవాబు ఏదైనా సరే, అది ఆవిడ మాటల్లోనే వస్తే మీరు అలంకరించవలసిన అవసరం ఉండదు.

జవాబు: నాలుగు మాత్రలు

మీరు చెప్పినది న్యాయంగా ఉంది. ఖాళీ సంగతి నా కొలతకు అందలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ఆవిడ "రావు" అంటే "రావు" అనే రాయండి. దానిని తిప్పి, "రాకపోయినా లోలోపల గణితం సాగుతూనే ఉంటుంది" అని మనం పూరించకూడదు.

జవాబు: పాత విద్యార్థిని

మూడవ సందేహాన్ని ఎవరూ ముట్టుకోలేదు కనుక రాస్తున్నాను. నేనూ అలాంటి ఏళ్లు గడిపినదాన్నే.

పత్రాల పట్టికను తేదీల ప్రకారం ముద్రిస్తే ఆ ఎనిమిదేళ్ల ఖాళీ దానంతట అదే కనిపిస్తుంది. తెలిసినవారు మౌనంగా ఊరుకుంటారు, తెలియనివారు ఆవిడ పని మందగించిందని అనుకుంటారు. అలా అనుకోనివ్వడం న్యాయం కాదు. అయితే అది ఆవిడ జీవితంలోని సంగతే కాక, ఆవిడ తల్లిగారి అనారోగ్యపు సంగతి కూడా. ఆచార్యుల వారి అనుమతి లేకుండా ఒక్క అక్షరం రాయవద్దు. అడిగేటప్పుడు "రాయవచ్చా?" అని మాత్రమే అడగకండి. మీరు రాసిన వాక్యాన్ని చేతికిచ్చి, దీనిని ఇలాగే ఉంచాలా, మార్చాలా, తీసేయాలా అని అడగండి. చేతిలో వాక్యం ఉన్నప్పుడు మనిషి దాని మీద నిజంగా ఆలోచించగలుగుతాడు.

"త్యాగం" అన్న మాట వాడవద్దని కూడా నా మనవి. నా విషయంలో ఒక సభలో ఆ మాట వాడారు. చప్పట్లు కొట్టారు. నాకు ఆ చప్పట్లు ఎంత ఇబ్బంది కలిగించాయంటే, ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. మా అమ్మ పక్కన కూర్చున్న రోజుల్లో నేను దేన్నో వదులుకుంటున్నానని అనుకోలేదు. ఆ ఏళ్లలో మీ ఆచార్యుల వారు పత్రాలు రాయకపోయినా పాఠాలు చెప్పి ఉంటారు, విద్యార్థుల నిరూపణలు దిద్ది ఉంటారు. ఎవరెవరి పరిశోధన ఆ కాలంలో పూర్తయిందో మీ పూర్వ విద్యార్థులనే అడిగి చూడండి.

సుద్దముక్క

అందరికీ కృతజ్ఞతలు. మీ సూచనల ప్రకారం వ్యాసాన్ని మళ్లీ మొదటి నుంచి రాశాను. ఇప్పుడది 1, 3, 8, 120 అనే సంఖ్యలతో మొదలవుతుంది. మా ఇంట్లో గణితం చదవని ఇద్దరికి చూపించాను, ఇద్దరూ ఆరు జతలనూ లెక్కవేసి చూసుకున్నాకే తరువాతి పేరా చదివారు.

పూర్వ విద్యార్థులను అడిగితే తేలినదేమిటంటే, ఆ ఎనిమిదేళ్లలో నలుగురం పరిశోధన పూర్తి చేశాము, అందులో నేనూ ఒకడిని. నాకే ఈ సంగతి తట్టలేదు. నా సిద్ధాంత గ్రంథం మూడవ అధ్యాయంలో ఒక అసమానత తప్పుగా ఉందని ఎర్ర సిరాతో గీసి, పక్కన రెండు పేజీల సవరణ రాసి ఇచ్చారు. ఆ కాగితాల పైన వేసిన తేదీని చూస్తే, అది తల్లిగారిని ఆసుపత్రిలో చేర్చిన వారంలోనిది.

నిన్న మేడమ్ గారిని కలిసి ఆ ప్రశ్న అడిగాను, తల్లిగారి గురించి రాసిన వాక్యాన్ని చేతికిచ్చాను. పక్షుల గురించి అడిగితే, "మొదటి పది నిమిషాలు లెక్కలు వస్తాయి, తరువాత రావు, ఆ తరువాతి సమయం కోసమే వెళ్తాను" అన్నారు. అలాగే వేస్తున్నాను. తల్లిగారి గురించి నేను "ఎనిమిదేళ్లపాటు తల్లికి సేవ చేశారు" అని రాశాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "సేవ చేశారు" అన్న మాటలను కొట్టివేసి, పైన చిన్న అక్షరాలతో "తో ఉన్నారు" అని రాశారు. "తల్లికి" లోని "కి" ని కూడా కొట్టివేయడం మరిచిపోలేదు. నోటుపుస్తకం పేజీ ఫొటోకు ఒప్పుకున్నారు గానీ, వెనుక వైపు పేజీ వద్దని, అందులోని లెక్క ఇంకా పూర్తి కాలేదని చెప్పారు.